నాలుగు తీగలు, రెండు చెవులు

మా ఊరి తెలుగు సంఘం ఉగాది, దీపావళి వేడుకల్లో పద్దెనిమిదేళ్ళుగా బేస్ గిటారు వాయిస్తున్నాను. "అంకుల్, మీ గిటారుకి నాలుగే తీగలున్నాయేంటి? మిగతా రెండూ తెగిపోయాయా?" అని ఏటా ఎవరో ఒక బుడతడు అడుగుతాడు. తెగిపోలేదు నాన్నా, ఉన్నవే నాలుగు!

పాటలో గొంతు, కీబోర్డు అందరి చెవిలో పడతాయి. బేస్ మాత్రం గుండెల్లో తెలుస్తుంది. మృదంగంలో ఎడమవైపు మోత తీసేస్తే ఎంత వెలితిగా ఉంటుందో, బేస్ లేని సినిమాపాటా అంతే. ఇళయరాజా గారు స్వరపరచిన 'గీతాంజలి' (1989) పాటలు ఈసారి బేస్ మీద మనసు పెట్టి వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది.

ఎలక్ట్రిక్ బేస్ వయసు మరీ ఎక్కువేమీ కాదు. అంతకు ముందు బ్యాండ్లలో నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. మోయడం కష్టం, డ్రమ్ముల హోరులో వినిపించడం ఇంకా కష్టం. 1951లో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' తెచ్చాడు. మెట్లు ఉండటంతో శ్రుతి కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. నా గిటారూ ఆ వంశానిదే. దానికి నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తాను. మోటౌన్ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ వాడినవీ అలాంటివే. నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: ఖరీదైన గిటారు కంటే వేళ్ళు ముఖ్యం. మెడ దగ్గర మీటితే మెత్తన, బ్రిడ్జి దగ్గర మీటితే గట్టిదనం. ఇందుకు పైసా ఖర్చు లేదు.

సౌండు పందెం

నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రాన్ని మన చెవి సరిగ్గా పట్టుకోదు. అందుకని నేను ఆంప్లిఫయర్ పెంచుతాను. డ్రమ్మరు ఇంకా గట్టిగా కొడతాడు. గాయకుడు మానిటర్ పెంచమంటాడు. చివరికి హాలంతా హోరు!

బేస్ వాయించేవాళ్ళం సాధారణంగా డ్రమ్ముల పక్కనే నిలబడతాం. హైహాట్ తాళాలు సరిగ్గా నా కుడిచెవి దగ్గర. ప్రోగ్రాం అయ్యాక చెవిలో కీచురాయి కూసేది. తెల్లారేసరికి తగ్గేది. ఒకనాడు తగ్గలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకు మా అమ్మాయి కూచిపూడి సాధన చేస్తూ, "నాన్నా, కొత్త గజ్జెలు బాగున్నాయా?" అని అడిగింది. నాకు అడుగుల చప్పుడు వినిపించింది. గజ్జెలు వినిపించలేదు.

ఆడియాలజిస్టు గీసిన గ్రాఫులో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గోతిలో పడినట్టు కిందికి దిగిపోయింది. పెద్ద శబ్దాల వల్ల వచ్చే నష్టానికి అదే గుర్తు. లోపలి చెవిలో పుట్టుకతో వచ్చే సన్నని కేశకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. వరిచేను గాలికి వంగితే మళ్ళీ లేస్తుంది, పదేపదే తొక్కితే లేవదు. ఇవీ అంతే. పైగా మనుషుల్లో ఇవి మళ్ళీ మొలవవు.

ఎంత సౌండు, ఎంతసేపు?

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి తగ్గుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. మన మ్యూజికల్ నైట్ మూడు గంటలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల హెడ్‌ఫోన్లకు 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు హద్దుగా పెట్టింది.

ఈ బాధ నా ఒక్కడిదే కాదు. కాథీ పెక్ అనే బేస్ గిటారిస్టు 1984లో ఓక్లాండ్‌లో జరిగిన ఒక పెద్ద కచేరీ తర్వాత వినికిడి దెబ్బతిని, 1988లో సంగీతకారుల చెవుల రక్షణ కోసం 'హియర్' అనే సంస్థను మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను చెవి అచ్చు తీయించి చేయించుకున్న ప్లగ్గులు పెట్టుకుంటాను. మామూలు స్పాంజి ప్లగ్గులు తారస్థాయిని ఎక్కువగా మింగేసి పాటను బొంగురు చేస్తాయి. ఇవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఆంప్లిఫయర్‌ని నేల మీద కాకుండా కుర్చీ మీద నా చెవి ఎత్తుకు పెడతాను. దాంతో సౌండు సగం తగ్గించినా నాకు వినిపిస్తోంది.

తల్లిదండ్రులకు నా విన్నపం: పిల్లల్ని స్పీకర్ల ముందు కూర్చోబెట్టకండి. పసివాళ్ళకు ఇయర్‌మఫ్స్ పెట్టండి. పాప చెవులు మూసుకుంటే "ఏం కాదులే" అనకండి, బయటికి తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక చెవిలో కూత వినిపిస్తోందేమో అడగండి.

"సౌండు తగ్గిస్తే మజా ఏముంటుందండీ?" అని కమిటీలో కొందరు నవ్వారు. అయినా మొన్నటి ఉగాదికి పచ్చడి గిన్నెల పక్కనే ఒక డబ్బా నిండా ఇయర్ ప్లగ్గులు పెట్టించాను. సాయంత్రానికి డబ్బా ఖాళీ. ఎక్కువగా తీసుకెళ్ళింది పిల్లలే.

మా అమ్మాయి ఇప్పుడు సాధన చేసేటప్పుడు నా ఎడమవైపుకు వచ్చి ఆడుతుంది. ఆ చెవికి గజ్జెలు ఇంకా వినిపిస్తున్నాయి.