ముందు కూరగాయల సంచి

ప్రొద్దుటూరులోనైనా జమ్మలమడుగులోనైనా ఇంటి సరుకుల చీటీలో మొదట పడేది బియ్యం మూట. ఆ తర్వాత కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిరపకాయలు. కూరగాయలకు చీటీలో చోటే ఉండదు. అవి ఏ పూటకు ఆ పూట, చేతిలో ఉన్న చిల్లరను బట్టి వస్తాయి. వారానికి సరిపడా మంచి తిండి ముందే అనుకుని కొనాలంటే ఈ వరసను తిరగెయ్యాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కొలతలే ఇందుకు ఆధారం. రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యం 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పప్పులు 85, పండ్లు 100, నూనెగింజల్లాంటివి 35, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి వారానికి ధాన్యం 7 కిలోలు చాలు. కూరగాయలు మాత్రం 11 కిలోలు దాటాలి. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి ఎదురు.

సంగటి తినే సీమకు ఈ లెక్కలెందుకని అడగొచ్చు. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో పదో వంతు కూడా ఉండదు. అంతవరకు సంగటి గొప్పదే. కొర్రలు, జొన్నలు, రాగులు రోజువారీ తిండిగా ఉన్న ఈ పల్లెల్లోకి 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక వరి అన్నం మూడు పూటలా కుదురుకుంది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టలేం. అయితే సంగటి ముద్దలోనూ బియ్యం ఉంది, రాగిపిండీ పిండి పదార్థమే. షుగరున్నవాళ్లు ముద్ద మీద ముద్ద వేసుకుంటే లాభం లేదు. పక్కన గోగాకు పప్పు ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న.

పదకొండు కిలోలు ఒకేసారి తెస్తే కుళ్లిపోవా? ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే చోట ఇది న్యాయమైన అనుమానం. అందుకే తినే వరస ముందే అనుకోవాలి. తోటకూర, గోగాకు, బీర, బెండ మొదటి రెండు మూడు రోజులకు. మటిక్కాయలు, వంకాయలు నడిమికి. సొర, గుమ్మడి, దోస, క్యాబేజీ వారం చివరికి. ఆకుకూరను తెచ్చిన వెంటనే కడగకూడదు. వేళ్లు, పండిన ఆకులు తీసేసి, తడి ఆరనిచ్చి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. కడగడం వండే ముందే. కూరలు అయిపోవచ్చిన రోజుకు ఉలవలో అలసందలో పొద్దున నానేసి, రాత్రికి నీళ్లు వంచి గుడ్డలో కడితే ఇక్కడి వేడికి మర్నాటికే మొలకలొస్తాయి. వారానికంతా ఒకేరోజు వండి పెట్టుకోమనే సలహాను మాత్రం మన వంటింటికి తేవద్దు. అన్నం గంటల తరబడి బయట ఉంటే, ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ బీజాలు పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

ఖర్చు సంగతికొస్తే, ఓట్స్, బ్రోకలీ కొనమని ఎవరూ బలవంతపెట్టడం లేదు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగలు పండుతాయి, పులివెందుల అరటికీ చీనీకీ పేరున్నది. చెనక్కాయలు వారానికి కిలో అంటే ఊరిబిండికీ పొడికీ సరిపోతాయి. నూనె నెలకు 3 కిలోలు దాటితే కాస్త ఆగాలి. ఉగ్గానితో బయట తిన్న మిరపకాయ బజ్జీల నూనె కూడా ఈ ఖాతాలోదే, అది ఎవరూ రాసుకోరు. బియ్యం, నూనె తగ్గగా మిగిలిన డబ్బు కూరగాయలకు మళ్లుతుంది. పూర్తిగా సరిపోతుందని చెప్పలేం, టమాటా ధర ఎగిరిన వారాల్లో అసలే సరిపోదు. అలాంటప్పుడు పప్పులోకి చింతపండు పులుపు చాలు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఇదంతా ఇంటి ఆడవాళ్ల నెత్తిన మరో పని. నిజమే. నాలుగు వందల గ్రాముల కూరగాయ తినడం తేలికే, నలుగురికి తరగడమే కష్టం. మటిక్కాయల ఈనెలు తీయడానికీ, చెనక్కాయలు వేయించి పొట్టు చెరగడానికీ, గోగాకు గిల్లడానికీ వంట వచ్చి ఉండక్కర్లేదు. ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చున్న మగవాళ్లూ పిల్లలూ చేయగలిగిన పనులే ఇవి. సరుకుల చీటీ వెనకాల ఏ పని ఎవరిదో పేర్లు కూడా రాయాలి.