బొట్టు రక్తంలో పసికందు జాతకం

కిలో బరువుతో పుట్టిన పసికందు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి ఎనభై, తొంభై మిల్లీలీటర్లకు మించదు. హోటల్లో ఇచ్చే చిన్న గ్లాసెడు టీ అంత. అందులోంచి పరీక్ష కోసం తీసే ప్రతి చుక్కకూ లెక్క ఉండవలసిందే. అయినా ఆ చుక్క తీయక తప్పదు. నొప్పి ఎక్కడో, ఊపిరి ఎందుకాడడం లేదో చెప్పలేని శిశువు తరఫున సాక్ష్యం చెప్పేది ఆ రక్తమే.

జిల్లా ఆసుపత్రులలోని నవజాత శిశు చికిత్సా విభాగాల వైద్యులకు నిత్యం ఎదురయ్యే సమస్య ఒకటుంది. ఒకే రాత్రి నలుగురు శిశువులు వచ్చినప్పుడు ఎవరి పరిస్థితి అందరికంటె విషమం? ఉన్న ఒక్క వెంటిలేటర్‌ను ఎవరికి అమర్చాలి? ఎవరిని దూరాన ఉన్న పెద్దాసుపత్రికి పంపాలి? పంపితే దారిలోనే ప్రాణం పోయే శిశువు ఎవరు? పైకి చూస్తే నలుగురూ ఒకేలా ఉంటారు. పాలు తాగరు, ఒళ్ళు చల్లబడి ఉంటుంది, కదలిక మందగించి ఉంటుంది. వ్యాధి తీవ్రతను అంచనా కట్టగల రక్త సూచికలపై వైద్య ప్రపంచం ఆశలు పెట్టుకోవడానికి కారణం ఇదే.

తగ్గినా చాలదు

నమూనా రిజిస్ట్రేషన్ విధానం గణాంకాల ప్రకారం 1990లో దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో 53 మంది 28 రోజులు నిండకుండానే కన్నుమూశారు. 2020 నాటికి ఆ సంఖ్య 20కి దిగింది. అయితే అది సగటు మాత్రమే. అదే ఏడాది కేరళలో ఈ మరణాలు వెయ్యికి 4 కాగా, మధ్యప్రదేశ్‌లో 31. ఒకే దేశంలో ఇంత అంతరం ఉండడం గమనార్హం. పొరుగు దేశాలలోనూ ఇదే తీరు. పాకిస్తాన్‌లో 2017-18లో జరిపిన జాతీయ సర్వేలో ఈ రేటు 42గా తేలింది. నేపాల్‌లో 2016లో 21 ఉండగా, ఆరేళ్ళ తర్వాత 2022లోనూ 21 దగ్గరే నిలిచిపోయింది.

2030 నాటికి ఈ మరణాలను ఒక అంకె స్థాయికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2014 సెప్టెంబరులో నవజాత శిశు కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు ఊపిరందకపోవడం, రక్తంలో క్రిములు చేరి విషమించే సెప్సిస్ వ్యాధి, ఈ మూడూ మరణాలకు ప్రధాన కారణాలు. మరణాలలో నాలుగింట మూడు వంతులు తొలి వారంలోనే సంభవిస్తాయి. కనుక ఇక్కడ గడియారమే అసలు శత్రువు.

మూడు రోజుల నిరీక్షణ

సెప్సిస్‌ను నిర్ధారించే అసలైన పరీక్ష రక్తాన్ని కల్చర్ చేయడం. అందుకు కనీసం ఒక మిల్లీలీటరు రక్తం కావాలి. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగితే శిశువు మిగలదు. అందువల్ల అనుమానం కలిగిన వెంటనే వైద్యులు యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. అనుమానం నిజం కాని సందర్భాలలో అనవసరంగా మందులు వాడినట్లవుతుంది.

దీని పర్యవసానం ఎంత తీవ్రమో ఢిల్లీలో జరిగిన పరిశోధన వెల్లడించింది. 2011 నుంచి 2014 వరకు నగరంలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 13 వేలకు పైగా శిశువులను పరిశీలించిన ఈ అధ్యయనం 2016లో ప్రచురితమైంది. చికిత్సా విభాగంలో చేరిన వారిలో 14 శాతానికి పైగా సెప్సిస్ బారిన పడ్డారు. కల్చర్‌లో క్రిమి బయటపడింది 6 శాతంలో మాత్రమే. ప్రధాన దోషులలో ఒకటైన ఎసినెటోబ్యాక్టర్ క్రిములలో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం ఒకటికి మించిన మందుల వర్గాలకు లొంగనివని తేలింది. పుట్టిన మూడు రోజులలోపే మొండి క్రిములతో పోరాడవలసిన దుస్థితి పసివారికి దాపురించింది.

రక్తం చెప్పే కథ

ఈ నేపథ్యంలో కొన్ని గంటలలోనే కబురందించే సూచికల కోసం అన్వేషణ సాగింది. వీటిలో అందరికీ తెలిసినది సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థ శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని కనుగొన్నారు. శరీరంలో వాపు, క్రిముల దాడి మొదలైతే కాలేయం దీనిని విడుదల చేస్తుంది. పరీక్ష చవక. చిన్న ప్రయోగశాలలలోనూ చేయవచ్చు. కాని పది, పన్నెండు గంటలు గడిస్తే తప్ప ఇది పెరగదు. పైగా కష్టమైన కాన్పు జరిగినా, ఉమ్మనీటిలోని మలం ఊపిరితిత్తులలో చేరినా పెరుగుతుంది. అందువల్ల జబ్బును పట్టుకోవడం కంటె జబ్బు లేదని తేల్చడానికే ఇది ఎక్కువగా పనికి వస్తుంది. ఒక రోజు వ్యవధిలో రెండుసార్లు చేసిన పరీక్షలలో పెరుగుదల కనిపించకపోతే మందులు ఆపేయడానికి వైద్యునికి ధైర్యం వస్తుంది.

ప్రోకాల్సిటోనిన్ ఇంతకంటె చురుకైనది. క్రిములు చేరిన రెండు మూడు గంటలలోనే పెరగడం మొదలవుతుంది. దీని ఆధారంగా మందుల కాలాన్ని నిర్ణయించవచ్చా అని నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, కెనడా, చెక్ దేశాలలో 1,710 మంది శిశువులపై పరీక్షించగా, సగటున 65 గంటలు వాడే మందులు 55 గంటలకు తగ్గాయి. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అయితే ఆరోగ్యంగా ఉన్న శిశువులో కూడా పుట్టిన తొలి రెండు రోజులు ఈ పదార్థం సహజంగానే పెరిగి తగ్గుతుంది. గంటగంటకు మారే ప్రమాణాలు దగ్గర లేనిదే దీనిని చదవడం కష్టం. ఖర్చు కూడా ఎక్కువే.

వ్యాధి ఏదైనా దాని తీవ్రతను పట్టి ఇచ్చేది లాక్టేట్. ప్రాణవాయువు చాలినంత అందని కణాలు మరో దారిలో శక్తిని తయారు చేసుకుంటాయి. ఆ దారిలో మిగిలే పదార్థమే ఇది. రక్తంలో దీని మోతాదు పెరిగిందంటే అవయవాలకు ఊపిరి అందడం లేదని అర్థం. రక్తపోటు పడిపోకముందే ఇది హెచ్చరిక చేయగలదు. పుట్టిన వెంటనే అందరు శిశువులలోనూ కొంత ఎక్కువగానే ఉంటుంది కనుక ఒక్కసారి చూసిన అంకె కంటె, గంటల తరబడి అది తగ్గుతున్నదా, పెరుగుతున్నదా అన్నదే కీలకం. చికిత్స సాగుతున్నా తగ్గని లాక్టేట్ ప్రమాద ఘంటిక. ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోవడం, రక్తంలో ఆమ్లత్వం పెరగడం కూడా ఇటువంటి సంకేతాలే.

ఆరు అంశాల కొలబద్ద

విడివిడి అంకెలను కలిపి ఒక మార్కుగా మార్చే పద్ధతులు 1993లో రెండు వచ్చాయి. అమెరికాలో రూపొందిన స్నాప్, బ్రిటన్‌లో వచ్చిన క్రిబ్. స్నాప్ మొదటి రూపంలో రెండు డజన్లకు పైగా అంశాలు ఉండేవి. 2001లో దానిని ఆరింటికి కుదించారు. రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత, మూర్ఛలు, మూత్ర పరిమాణం నర్సు కళ్ళతో, మామూలు పరికరాలతో తెలిసేవి. మిగిలిన రెండింటికి, అంటే రక్తంలో ప్రాణవాయువు నిష్పత్తికి, ఆమ్లత్వానికి, రక్త వాయువులను విశ్లేషించే యంత్రం కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ యంత్రం గాని, దానికి వేసే కార్ట్రిడ్జ్ గాని లేని చోట మార్కు లెక్కకట్టడమే సాధ్యం కాదు. మడమ నుంచి తీసిన చుక్కతో లాక్టేట్‌ను కొలిచే చేతి పరికరాలపై ఆసక్తి పెరగడానికి కారణమిదే.

పరాయి కొలతలతో జాగ్రత్త

అయితే సంపన్న దేశాలలో ఫలించినదల్లా ఇక్కడ ఫలిస్తుందని అనుకోరాదు. ఊపిరందక మెదడు దెబ్బతిన్న శిశువుల శరీరాన్ని మూడు రోజులు చల్లబరచే చికిత్స పాశ్చాత్య దేశాలలో ప్రాణాలు నిలిపింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది శిశువులపై దీనిని పరీక్షించగా ఫలితం తలకిందులైంది. చల్లబరచిన వారిలో 42 శాతం మంది, మామూలు సంరక్షణ పొందిన వారిలో 31 శాతం మంది మరణించారని 2021లో వెలువడిన నివేదిక తెలిపింది. ఇక్కడి శిశువులకు దెబ్బ కాన్పు వేళ కాక అంతకు ముందే తగిలి ఉండవచ్చునన్నది వినిపిస్తున్న వివరణలలో ఒకటి. దెబ్బ ఎప్పుడు తగిలిందో, ఎంత లోతైనదో చెప్పగల రక్త సూచికల అవసరాన్ని ఈ చేదు అనుభవం మరింత పెంచింది. పెద్దాసుపత్రులలో పుట్టిన అంకెల హద్దులను బరువు తక్కువ శిశువులు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో తిరిగి సరిచూడవలసి ఉంది.

అంకె వెనుక మనిషి

పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో మొదలైన ప్రత్యేక విభాగం నమూనాగా దేశమంతటా జిల్లా ఆసుపత్రులలో ఇటువంటి విభాగాలు వెలిశాయి. 2011 జూన్‌లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన నవజాత శిశువులకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. పరీక్ష ఉచితమని కాగితంపై ఉంటే చాలదు. అర్ధరాత్రి ప్రయోగశాల తెరిచి ఉండాలి, రీయేజెంట్ అయిపోకుండా ఉండాలి, వచ్చిన అంకెను చదివే మనిషి ఉండాలి. అవి లేనప్పుడు తండ్రి చీటీ పట్టుకుని బయటి ల్యాబ్‌కు పరుగెత్తవలసి వస్తుంది.

రక్త పరీక్షే లేని చోట కూడా పసివారిని కాపాడవచ్చునని మహారాష్ట్రలోని గడ్చిరోలి నిరూపించింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల బృందం తర్ఫీదు ఇచ్చిన గ్రామ మహిళలు ప్రమాద లక్షణాలను గుర్తించి ఇంటివద్దే చికిత్స అందించగా, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో వెల్లడైంది. పాలు మానడం, ఒళ్ళు చల్లబడడం, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి తీయడం వంటి లక్షణాలను కనిపెట్టే ఆశా కార్యకర్త చూపుకు రక్త సూచిక తోడు కాగలదే గాని, ప్రత్యామ్నాయం కాలేదు.

ఆ చూపు శిశువును సకాలంలో ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చాలి. అక్కడి నుంచి ఏ శిశువుకు ముందు చేయి అందించాలో చెప్పే బాధ్యత రక్తపు చుక్కది. ఆ చుక్కను చదివే ఏర్పాటు రాజధాని ఆసుపత్రులతో ఆగిపోతే, మధ్యప్రదేశ్‌కూ కేరళకూ నడుమ ఉన్న అంతరం మరో తరానికీ మిగిలే ఉంటుంది.