నీట్‌: ఇంటర్‌లో ఎంపీసీ చదివినా డాక్టర్‌ కావొచ్చా? రూల్స్‌ ఏం చెబుతున్నాయి.. బయాలజీ ఎక్కడి నుంచి మొదలెట్టాలి?

ఇంట్లోవాళ్లు చెప్పారనో, ఫ్రెండ్స్‌ చేరారనో ఎంపీసీ తీసుకుంటారు. సెకండియర్‌లోనో, బీటెక్‌ ఫస్టియర్‌లోనో మనసు మెడిసిన్‌ వైపు లాగుతుంది. "బైపీసీ చదవలేదుగా, ఇక అంతే" అని అక్కడితో వదిలేసేవాళ్లే ఎక్కువ. కానీ రూల్స్‌ మారాయి. ఆ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు.

ఒకప్పుడు బయాలజీని ఇంటర్‌ రెండేళ్లూ రెగ్యులర్‌గా, ప్రాక్టికల్స్‌తో సహా చదివి ఉండాల్సిందే. ఓపెన్‌ స్కూల్‌, ప్రైవేట్‌ విద్యార్థులను అడ్డుకునే నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత 2023 నవంబర్‌లో నేషనల్‌ మెడికల్‌ కమిషన్‌ (ఎన్‌ఎంసీ) పబ్లిక్‌ నోటీస్‌ ఇచ్చింది. దాని ప్రకారం ఇంటర్‌ పాసైన తర్వాత గుర్తింపు పొందిన బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌ యూజీ రాయొచ్చు. బయాలజీకి బదులు బయోటెక్నాలజీ ఉన్నా ఓకే. గరిష్ఠ వయోపరిమితి కూడా ఇప్పుడు లేదు. అడ్మిషన్‌ తీసుకునే ఏడాది డిసెంబర్‌ 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు.

మరి ఆ బయాలజీ ఎక్కడ రాయాలి? ఎక్కువమంది ఎంచుకునే దారి ఎన్‌ఐఓఎస్‌, అంటే జాతీయ ఓపెన్‌ స్కూల్‌. ఇందులో 'పార్ట్‌ అడ్మిషన్‌' కింద కావాల్సిన సబ్జెక్టు వరకే తీసుకోవచ్చు. పబ్లిక్‌ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌-మే, అక్టోబర్‌-నవంబర్‌లలో జరుగుతాయి. అడ్మిషన్‌ ఎప్పుడు తీసుకుంటే ఏ సెషన్‌ వస్తుందో ముందే చూసుకోవాలి. ఎందుకంటే నీట్‌లో ర్యాంకు వచ్చినా, కౌన్సెలింగ్‌ టైమ్‌కి బయాలజీ మెమో చేతిలో లేకపోతే సీటు గల్లంతే. ప్రాక్టికల్స్‌ ఎగ్గొట్టొద్దు. ఫిజిక్స్‌, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్‌ అభ్యర్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం మార్కులు ఉండాలి. "ఏదో పాసైతే చాలు" అనుకుంటే ఇక్కడ దెబ్బ పడుతుంది.

ఇప్పుడే టెన్త్‌ అయినవాళ్లకు ఈ తిప్పలు అక్కర్లేదు. ఏపీ ఇంటర్‌ బోర్డు 2025-26 నుంచి మ్యాథ్స్‌, బయాలజీ రెండూ ఉండే ఎంబైపీసీని తీసుకొచ్చింది.

ఇక ప్రిపరేషన్‌. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, 3 గంటల టైమ్‌. ఫిజిక్స్‌ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. అంటే సగం పేపర్‌, 360 మార్కులు, ఎంపీసీ విద్యార్థి ఎప్పుడూ ముట్టుకోని సబ్జెక్టుదే. భయపెట్టే లెక్కే. కానీ బైపీసీ వాళ్లను ఏడిపించేది ఫిజిక్స్‌. వెక్టర్స్‌, కాల్‌క్యులస్‌ వచ్చినవాళ్లకు అక్కడ పని సగం తగ్గుతుంది. మిగిలే ఆ టైమంతా బయాలజీకి పెట్టాలి.

మొదటి పేజీ నుంచి వరసగా మొదలెట్టడమే చాలామంది చేసే పొరపాటు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకం తెరవగానే వర్గీకరణ, లాటిన్‌ పేర్లు ఎదురొస్తాయి. వారం తిరక్కముందే పుస్తకం మూతపడుతుంది. దానికంటే కణం చాప్టర్‌తో మొదలుపెట్టి మానవ శరీర ధర్మశాస్త్రంలోకి వెళ్లడం సులువు. గుండె, కిడ్నీ, నాడీ వ్యవస్థల్లో కారణం-ఫలితం కనిపిస్తుంది కాబట్టి లెక్కల బుర్రకు బాగా ఎక్కుతుంది. జెనెటిక్స్‌ అయితే మరీనూ. మెండల్‌ 9:3:3:1 నిష్పత్తి అంటే అచ్చంగా ప్రాబబిలిటీనే. వర్గీకరణ, మొక్కల నిర్మాణం లాంటి బట్టీ చాప్టర్లను రోజుకు అరగంట చొప్పున పక్కన నడిపించాలి. వాటిని చివరి నెలకు వదిలేస్తే మాత్రం కుదరదు. సిలబస్‌లో బయాలజీ 10 యూనిట్లే. ఎన్‌సీఈఆర్‌టీ రెండు పుస్తకాలను, బొమ్మల కింది వాక్యాలతో సహా, మూడు నాలుగుసార్లు చదివాకే గైడ్ల జోలికి వెళ్లాలి.

ఎంపీసీ వాళ్లకు ఇంకో అలవాటు.. ఆప్షన్లు ఎలిమినేట్‌ చేసి గెస్‌ కొట్టడం. బయాలజీలో రెండు ఆప్షన్లు ఒకేలా కనిపిస్తాయి. తప్పు సమాధానానికి ఒక మార్కు పోతుంది.

సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవాళ్ల సంగతి వేరు. మూడు సబ్జెక్టులూ అదనంగా పాసవ్వాలి. రూల్‌ ఒప్పుకుంటుంది, కానీ టెన్త్‌ సైన్స్‌, లెక్కల నుంచి మొదలుపెట్టాలి కాబట్టి కనీసం రెండేళ్లు చేతిలో ఉంచుకోవడం మంచిది. ఆరు నెలల క్రాష్‌ కోర్సుతో సీటు గ్యారంటీ అనే ప్రకటనలు నమ్మితే పోయేది డబ్బొక్కటే కాదు, ఒక ఏడాది కూడా. 2025లో 22 లక్షల మందికి పైగా రాస్తే 12 లక్షల మందికి పైగా క్వాలిఫై అయ్యారు. ఎంబీబీఎస్‌ సీట్లు అందులో పదో వంతు అటూఇటూ మాత్రమే. క్వాలిఫై అవడం వేరు, సీటు రావడం వేరు.

తెలుగు మీడియం వాళ్లు నీట్‌ను తెలుగులోనే రాయొచ్చు. ఏపీ, తెలంగాణ సెంటర్లలో ఆ పేపర్‌ దొరుకుతుంది. కాకపోతే ఎంబీబీఎస్‌ క్లాసులు ఇంగ్లిష్‌లో ఉంటాయి. అందుకే ఇప్పటి నుంచే పదాలు రెండు భాషల్లో రాసుకుంటే ఫస్టియర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మొదలైనప్పుడు కంగారు ఉండదు.

చివరిగా విదేశీ ఎంబీబీఎస్‌. "బయాలజీ లేకపోయినా పర్లేదు, ఫీజు కట్టండి" అనే ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. బయట చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీస్‌ చేయాలంటే నీట్‌ క్వాలిఫై కావాల్సిందే, ఇంటర్‌ స్థాయిలో బయాలజీ ఉండాల్సిందే. ఈ రెండూ లేకుండా విమానం ఎక్కితే, తిరిగొచ్చాక ఆ డిగ్రీతో ఇక్కడ రిజిస్ట్రేషన్‌ దొరకదు.