ఆ ఇల్లాలికి ఎయిడ్స్ ఎలా వచ్చింది?

మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో ఒకావిడకు హెచ్.ఐ.వి. ఉందని తెలిసిందనుకోండి. మన నోట ముందుగా వచ్చే మాట ఏమిటి? "అయ్యో, మందులు వాడుతోందా?" అని కాదు. "ఆవిడకెలా వచ్చింది?" అని. ఆ ప్రశ్నలో జాలి పాలు తక్కువ, అనుమానం పాలు ఎక్కువ. గడప దాటని మనిషి, ఒకరి జోలికి పోని మనిషి అని నిన్నటిదాకా చెప్పుకున్నవాళ్లే, "ఏదో లేకపోతే ఎలా వస్తుందమ్మా!" అని చెవులు కొరుక్కుంటారు.

సరిగ్గా ఇదే ప్రశ్నను ఒకాయన వేరే దేశంలో, ఒక కొండ పల్లెలో కూర్చుని వేశాడు. అయితే చెవులు కొరుక్కోవడానికి కాదు, జవాబు తెలుసుకోవడానికి. ఆయన పేరు పాల్ ఫార్మర్. ఒక పక్క డాక్టరు, మరో పక్క మానవశాస్త్రజ్ఞుడు. ఆయనకు దొరికిన జవాబు మన ఇళ్లకు కూడా పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మానవశాస్త్రానికీ జబ్బుకూ ఏమిటి సంబంధం?

మానవశాస్త్రజ్ఞుడంటే అడవుల్లో తిరిగి కొండజాతుల పెళ్లిళ్లూ పండుగలూ రాసుకునేవాడని మనలో చాలామంది అభిప్రాయం. అది కొంతవరకే నిజం. జనం మధ్య ఏళ్ల తరబడి ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లు ఏం తింటున్నారు, ఎక్కడ పని చేస్తున్నారు, ఎవరికి భయపడుతున్నారు అని గమనించడం అతని విద్య. డాక్టరు రక్తం పరీక్ష చేసి ఏ క్రిమి వచ్చిందో చెబుతాడు. ఆ క్రిమి ఈ మనిషి దాకా ఏ దారిన వచ్చిందో తెలియాలంటే ఆ మనిషి బతుకు తెలియాలి.

ఫార్మర్ 1959లో అమెరికాలో పుట్టాడు. ఆయన కుటుంబం కొంతకాలం బస్సునే ఇల్లుగా మార్చుకుని అందులో కాపురం చేసింది. 1983లో, ఇంకా వైద్యకళాశాలలో చేరకముందే, హైతీ అనే చిన్న దేశానికి వెళ్లాడు. తరవాత హార్వర్డులో వైద్యమూ, మానవశాస్త్రమూ రెండూ చదివాడు. చదువుతున్న రోజుల్లోనే వీలున్నప్పుడల్లా హైతీలోని కాంజ్ అనే పల్లెకు పోయి ఉండేవాడు. 1990లో రెండు పట్టాలూ చేతికొచ్చాయి.

నీళ్లు తరిమిన ఊరు

కాంజ్ ప్రజలు మొదటి నుంచీ ఆ కొండ మీద ఉన్నవాళ్లు కారు. కింద ఆర్తిబోనిత్ నది లోయలో సారవంతమైన పొలాలు చేసుకుని బతికినవాళ్లు. 1956లో ఆ నది మీద పెలీగ్ర్ ఆనకట్ట పూర్తయి లోయ మునిగిపోయింది. పొలాలు పోయాయి. జనం కొండ పైకి ఎక్కి, రాళ్ల నేలలో జొన్నా మొక్కజొన్నా వేసుకుని అరాకొరా బతకడం మొదలుపెట్టారు. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు మనలోనూ ఉన్నాయి గనుక ఆ కష్టం మనకు వేరే చెప్పనక్కర్లేదు.

పంట లేని ఇంట్లో ఈడొచ్చిన ఆడపిల్లలు ఏం చేస్తారు? రాజధాని నగరానికి పోయి ఇళ్లల్లో పనికి కుదిరారు. అక్కడే ఎవరో ఒకరి తోడు వెతుక్కున్నారు. ఆ దేశంలో పెళ్లి తంతు లేకుండా కాపురం పెట్టడం మామూలే. నెల తిరిగేసరికి చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఎవరికంటే సైనికులకూ, లారీ డ్రైవర్లకూ. ఆకలి తెలిసిన పిల్ల అలాంటివాడి అండ కోరుకోవడంలో వింతేముంది?

ఆ రోజుల్లో హైతీ వాళ్ల మీద లోకానికి చాలా అనుమానం. 1983లో అమెరికా ఆరోగ్యశాఖ ఎయిడ్స్ ప్రమాదం ఉన్నవాళ్ల జాబితాలో హైతీ దేశస్థులందరినీ కలిపి చేర్చింది. 1985లో ఆ పేరు తీసేసింది కానీ, ఈలోగా ఆ దేశం వాళ్లు పరాయి చోట ఉద్యోగాలూ, అద్దె ఇళ్లూ పోగొట్టుకున్నారు. ఊళ్లోనూ అదే వరస. కాంజ్ ప్రాంతంలో మొదటిసారి ఈ జబ్బు కనబడినప్పుడు, ఎవరో పగబట్టి 'పంపించారు' అన్నారు జనం. మన పల్లెల్లో చేతబడి అంటామే, అలాగన్నమాట. ఎక్కడైనా మనిషికి ముందు తోచేది ఒకరి మీద నేరం మోపడమే.

లెక్క తేల్చిన నిజం

అప్పుడు ఫార్మర్, ఆయనతో పనిచేసేవాళ్లు ఒక పని చేశారు. జబ్బు ఉన్న 25 మంది స్త్రీలను, అదే ప్రాంతంలో జబ్బు లేని 25 మంది స్త్రీలను కూర్చోబెట్టి, ఓపికగా వాళ్ల జీవితకథలు విన్నారు. రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి చూశారు.

జబ్బున్నవాళ్లు విచ్చలవిడిగా తిరిగినవాళ్లా? కాదు. వాళ్ల జీవితంలోకి వచ్చిన మగవాళ్లు సగటున 2.7 మంది. జబ్బు లేనివాళ్ల లెక్క 2.4. పెద్ద తేడా ఏముంది? పోనీ, చదువు లేకనా? జబ్బున్నవాళ్లే కాస్త ఎక్కువ చదివారు. వాళ్లు సగటున నాలుగున్నరేళ్లు బడికి పోతే, లేనివాళ్లు నాలుగేళ్లు పోయారు. మత్తుమందులా? ఒక్కరికీ లేదు. ఇంజెక్షన్లా? పదికి పైగా సూదులు వేయించుకున్నవాళ్లు జబ్బున్నవాళ్లలో 17 మంది ఉంటే, లేనివాళ్లలో 19 మంది ఉన్నారు.

మరి తేడా ఎక్కడ? జబ్బున్న 25 మందిలో 18 మంది నగరంలో ఇంటిపని చేసినవాళ్లు. లేనివాళ్లలో అలాంటిది ఒక్కతే. జబ్బున్నవాళ్లలో 12 మందికి లారీ డ్రైవరుతో, 9 మందికి సైనికుడితో సంబంధం ఉండేది. లేనివాళ్లలో డ్రైవర్లు ఇద్దరికే. సైనికులు ఎవరికీ లేరు. ఊళ్లో రైతులతో తప్ప మరెవరితోనూ కాపురం చేయనివాళ్లు జబ్బు లేనివాళ్లలో 23 మంది. జబ్బున్నవాళ్లలో ఒక్కరు కూడా లేరు.

ఈ లెక్క చెప్పేదేమిటి? ఆమెకు జబ్బు వచ్చింది ఆమె నడత వల్ల కాదు, ఆమె గతి వల్ల. పొలం ఉన్న ఊళ్లో ఉండి ఉంటే రాకపోవును. డ్రైవర్లూ సైనికులూ చెడ్డవాళ్లనీ కాదు సుమా! నెలల తరబడి ఇల్లు వదిలి, ఊరూరా తిరిగే ఉద్యోగం ఎవరినైనా ఆ దారిన పెట్టవచ్చు. అక్కడ ఆనకట్టా, వలసా, ఆకలీ కలిసి వైరస్‌కు దారి వేశాయి.

మందు దొరికితేనే మాట వింటారు

కాంజ్‌లోని ఆసుపత్రి కూడా మొదట్లో అందరిలాగే ప్రచారం చేసింది. నిరోధ్‌లు ఉచితంగా పంచింది. గ్రామ స్త్రీలే పూనుకుని, పల్లె నుంచి నగరానికి పనికిపోయిన ఒక అమ్మాయి కథను వీడియో చిత్రంగా తీశారు. ఇవన్నీ అవసరమే. అయితే తిండి పెట్టే మగవాడిని "నిరోధ్ వాడు" అని అడిగే ధైర్యం లేని స్త్రీకి ప్రచారం ఒక్కటే ఏం మేలు చేస్తుంది?

1995 నుంచి ఆ ఆసుపత్రిలో, జబ్బున్న గర్భిణులకు బిడ్డను కాపాడే మందు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు పరీక్షకు ఒప్పుకోమంటే నూటికి తొంభై మందికి పైగా ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకోరు? పరీక్ష చేయించుకుంటే పరువు పోవడం ఒక్కటే మిగిలినన్నాళ్లు ఎవరూ రారు. బిడ్డ దక్కుతుందంటే తల్లి ఎక్కడికైనా వస్తుంది.

1998లో జబ్బు ముదిరిన కొందరికి కొత్త మందులు ఇవ్వసాగారు. పేదవాళ్లు వేళకు మందులు వేసుకోలేరని అప్పట్లో పెద్దపెద్దవాళ్లే వాదించేవారు. ఫార్మర్ బృందం ఆ వాదన వినలేదు. ఊళ్లోవాళ్లనే తర్ఫీదు చేసి, జీతమిచ్చి, రోజూ రోగి ఇంటికి పోయి మందు మింగించి, కష్టసుఖాలు కనుక్కుని రమ్మన్నారు. నూలుపోగులా ఉన్నవాళ్లు కోలుకుని పొలం పనికి పోయారు. ఆ అనుభవాన్ని 2001లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు.

మందు వల్ల రోగికే కాదు, పక్కవారికీ రక్ష. భారతదేశంతో సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. దంపతుల్లో ఒకరికి జబ్బు ఉండి, వారు త్వరగా మందు మొదలుపెడితే, రెండోవారికి అంటే ప్రమాదం 96 శాతం తగ్గిపోయింది. క్రమం తప్పక మందు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే లైంగిక సంబంధం ద్వారా జబ్బు అంటదని డాక్టర్లు నేడు ధైర్యంగా చెబుతున్నారు.

మరి మన ఇంటి సంగతి?

మన దేశంలో ఈ వైరస్‌ను మొదట 1986లో చెన్నైలో కనిపెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీని వ్యాప్తి దేశ సగటు కంటే ఎక్కువే. మన ఇళ్ల నుంచీ మగవాళ్లు లారీల మీద, కూలికి, కంపెనీల పనికి దూరాలు పోతున్నారు. ఒక్క భర్త తప్ప మరో లోకం తెలియని ఇల్లాలికి కూడా ఈ జబ్బు రావచ్చు, వస్తోంది. అందుచేత ఈ సంగతులు గుర్తుంచుకోండి:

పెళ్లి కుదుర్చుకునేటప్పుడు ఇరుపక్షాలూ ఇష్టపడి పరీక్ష చేయించుకోవడంలో తప్పేమీ లేదు. జాతకాలు చూసుకోవడం లేదూ? అయితే చేయిస్తే ఇద్దరికీ చేయించాలి.

గర్భం నిలిచిందని తెలియగానే మొదటి పరీక్షల్లోనే ఇదీ చేయించండి. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు నూటికి 15 నుంచి 45 మందిలో వచ్చే ప్రమాదం, సరైన వైద్యంతో 5 కంటే తక్కువకు దిగుతుంది. బిడ్డకు పాలివ్వడం గురించి డాక్టరు చెప్పినట్టు చేయండి. ఎవరో చెప్పారని మానేయకండి.

అనుమానం ఉంటే ప్రభుత్వాసుపత్రిలోని ఐ.సి.టి.సి. కేంద్రానికి వెళ్లండి. పరీక్ష ఉచితం, వివరాలు గుట్టుగా ఉంచుతారు. కొత్తగా సోకిన జబ్బు కొన్ని వారాలపాటు పరీక్షలో బయటపడకపోవచ్చు. కాబట్టి రమ్మన్నప్పుడు మళ్లీ వెళ్లాలి. 1097 నంబరుకు ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

ప్రమాదం జరిగిందని తెలిస్తే, అది వాడిన సూది గుచ్చుకోవడం కానీ, అత్యాచారం కానీ, తాత్సారం చేయకండి. 72 గంటల లోపల, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆసుపత్రికి వెళ్తే 28 రోజులు వాడే నివారణ మందు ఇస్తారు.

జబ్బు ఉందని తేలితే గుండె చెదరనక్కర్లేదు. 2004 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు చాలామందికి రోజుకొక మాత్ర సరిపోతోంది. ఒంట్లో బాగుందని మాత్రం మానేయకూడదు.

ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, దోమ కుట్టినా, ఒకే మరుగుదొడ్డి వాడినా ఇది రాదు. ఆ మనిషికి వేరే గ్లాసు పెట్టకండి.

భర్త పోయాక, జబ్బుందని కోడలిని పుట్టింటికి తరిమేయడం మనకు కొత్త కాదు. 2017లో చేసి, 2018 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం అలాంటి స్త్రీని ఉమ్మడి ఇంట్లో నుంచి వెళ్లగొట్టకూడదు. ఆమె అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టకూడదు. జబ్బు పేరు చెప్పి ఉద్యోగంలో నుంచి తీసేయకూడదు.

పాల్ ఫార్మర్ 2022 ఫిబ్రవరి 21న రువాండాలో కన్నుమూశాడు. అప్పటికి 62 ఏళ్లు. అక్కడి కొండల్లోనూ పేదల ఆసుపత్రి పనిలోనే ఉన్నాడు. కాంజ్ పల్లెలో ఆయన చేసినట్టు రోజూ ఒకరి ఇంటికి పోయి మందు మింగించి రావడం మనందరికీ కుదరకపోవచ్చు. మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఈ జబ్బుతో ఉంటే, "ఎలా వచ్చింది?" అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేయండి. "ఈ నెల మందులు తెచ్చుకున్నావా అమ్మా? తోడు రానా?" అని అడగండి.