వెండితెరకు నీడే అందం!

హీరోగారి ఎంట్రీ! ఈల వేద్దామని వేళ్లు నోట్లో పెట్టారు. తీరా చూస్తే తెర మీద హీరో లేడు, తెల్లటి ఎండ ఉంది! పట్టపగలు వీధిలో తెర కట్టిన అభిమాన సంఘాలవారికి ఈ అవస్థ కొత్తేమీ కాదు. చందాలు వేసుకుని ప్రొజెక్టరు అద్దెకు తెస్తారు. పది నిమిషాల్లో పెద్దవాళ్లంతా లేచిపోతారు. డబ్బులూ, సరదా రెండూ ఎండపాలు!

పోనీ, ప్రొజెక్టరు మంచిది కాదందామా? ఈ లెక్క చూడండి. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. సినిమా హాల్లో తెర వెలుగు సుమారు 48 నిట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడ్డ తెల్లగుడ్డ వెలుగు దాదాపు 30 వేల నిట్లు. ఆరువందల రెట్లకు పైనే! ప్రొజెక్టరుకు నలుపు వేయడం రాదు సుమా. వెలుగు పడని చోటే నలుపు. ఆ చోటును ఎండ తెల్లగా చేసేస్తే హీరోయిన్ కాటుకా, విలన్ కోటూ ఒకటే రంగు! టూరింగ్ టాకీసులవాళ్లు పొద్దుగూకే దాకా ఎందుకు ఆగేవారో ఇప్పుడు తెలిసిందా?

విచిత్రం ఏమిటంటే, సినిమా తీయడానికి ఎండ కావాలి. 1893లో అమెరికాలో ఎడిసన్ కట్టించిన ‘బ్లాక్ మరియా’ స్టూడియోకు కప్పు తెరుచుకునేది. సూర్యుడితో పాటు భవనం మొత్తం పట్టాల మీద తిరిగేది! చూపించేటప్పుడు మాత్రం తెర సూర్యుడికి వీపు చూపాలి.

పత్తర్‌గట్టి పాఠం

ఈ కిటుకు నాకు పత్తర్‌గట్టిలో బాగా తెలిసొచ్చింది. ఏడో నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమానుల బజారు అది. నడిరోడ్డు మీద నా ఫోన్‌లో నా మొహమే కనిపించింది. కమాను కిందికి రెండడుగులు వేశానో లేదో, బొమ్మ తేటగా కనిపించింది. పైసా ఖర్చు లేదు, నెత్తిన నీడ పడిందంతే!

ఈ రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఇలాంటి చోట తెర కడితే వీపు చార్మినార్ వైపు, మొహం మదీనా వైపు ఉండాలి. ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నం సూర్యుడు మనకు దక్షిణానే ఉంటాడు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదట్లో దాకా మాత్రం ఉత్తరానికి జరుగుతాడు. అప్పుడు తెరకు పైకప్పు తప్పదు.

పెద్ద టీవీ పెడుతున్నారా? పైనా, రెండు పక్కలా నల్లగుడ్డ కట్టండి. తెల్ల షామియానా వద్దు, అదే వెలుగుతుంది! టీవీని కాస్త ముందుకు వంచితే అద్దంలో ఆకాశం బదులు నేల కనిపిస్తుంది. ఆ నేల మీద ముదురురంగు జంపఖానా పరవండి. అన్నట్టు, హీరోలా కూలింగ్ గ్లాసులు పెట్టుకొస్తే జాగ్రత్త! పోలరైజ్డ్ రకమైతే కొన్ని టీవీలు నల్లగా కనిపిస్తాయి.

డబ్బుంటే ఎల్.ఇ.డి. తెర ఉండనే ఉంది. ఆరుబయట వాడే రకం వెలుగు 5 వేల నిట్లూ, ఆపైనా. దాని ఒళ్లంతా నలుపే. దీపాల వరుసల పైన చిన్న చిన్న చూరులుంటాయి. పత్తర్‌గట్టి కమానుకు మనవలన్నమాట!

2021 అక్టోబరులో చార్మినార్ దగ్గర ఆదివారపు వేడుకలు మొదలుపెట్టినప్పుడు వాటికి ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ అని పేరు పెట్టారు. శామ్ అంటే సాయంకాలమే కదా! మీరూ అందాకా ఆగగలిగితే ఖర్చే లేదు. ఆగలేరా? ముందు నీడ చూసుకోండి, ఆ తర్వాతే తెరకు అడ్వాన్సు ఇవ్వండి!