కరగనివ్వకూడని దారి

రష్యా ఈశాన్య మూలన యాకుత్స్క్ నుంచి మగదాన్ దాకా 2,032 కిలోమీటర్లు సాగే కొలిమా రహదారి కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. యాకుత్స్క్‌లో షెర్గిన్ అనే వర్తకుడు నీళ్ళ కోసం బావి తవ్వించాడు. 1837 నాటికి 116 మీటర్లు దిగారు. అడుగున కూడా గడ్డకట్టిన మట్టే.

రాయిలాంటి ఆ నేలను కాపాడేది పైనున్న నాచు. ఒక చోట దాన్ని చెక్కేయండి. వేసవి ఎండ లోపలికి దిగుతుంది, మట్టిలోని మంచు కరుగుతుంది, నేల కుంగుతుంది. ఆ గుంటలో నీరు నిలిచి, ఎండను పీల్చుకుని, వేడిని ఇంకా కిందికి పంపుతుంది. గుంట పెరుగుతూనే పోతుంది. కాబట్టి ఇలాంటి నేల మీద నాచును కదపకుండా దాని మీదే కంకర మందంగా పోసి కట్ట వేస్తారు. వేసవి వేడి ఆ కట్టలోనే ఆగిపోవాలి. తారు వేస్తే నలుపు మరింత ఎండను లాగుతుంది. ఈ దారి ఇప్పటికీ చాలా మేర కంకరే. వాన పడితే జారుడు బురద, ఎండ కాస్తే దుమ్ము.

దీన్ని ఇంజనీరింగ్ అద్భుతమని మాత్రం రాయలేను. కొలిమా బంగారం కోసం సోవియట్ ప్రభుత్వం 1931లో దాల్‌స్ట్రోయ్ అనే సంస్థను పెట్టింది. మరుసటి ఏడాది మొదలైన రోడ్డు పని ఖైదీలతో చేయించారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి గునపం, పార, ఒంటిచక్రపు తోపుడు బండి. చలికీ ఆకలికీ ఎంతమంది రాలిపోయారో కచ్చితమైన లెక్క లేదు. ఎముకల దారి అని జనం పెట్టిన పేరు మాత్రం మిగిలింది. ఆ సంస్థ తొలి అధిపతి బెర్జిన్‌నే 1938లో అదే ప్రభుత్వం కాల్చి చంపింది. కొలిమా శిబిరాల్లో ఏళ్ళ తరబడి మగ్గిన వర్లాం షలామోవ్ ఆ కథలు రాశాడు గనక వాళ్ళ ముఖాలు కొన్నయినా మనకు తెలుసు.

చలికాలంలో ఇక్కడ మైనస్ 50 డిగ్రీలు మామూలే. డీజిల్ చిక్కబడి మైనంలా పేరుకుంటుంది. అందుకే డ్రైవర్లు రాత్రి నిద్రపోయేటప్పుడు కూడా ఇంజిన్ ఆపరు.

నిజానికి దారి యాకుత్స్క్‌లో మొదలవ్వదు, లేనా నదికి అవతలి ఒడ్డున నీజ్నీ బెస్త్యాఖ్‌లో మొదలవుతుంది. దశాబ్దాలుగా వంతెన లేకుండానే బతుకు గడిచింది. వేసవిలో బల్లకట్టు లాంటి పెద్ద పడవల మీద దాటించేవారు. చలికాలంలో నది మీదే లారీలు నడిచేవి. వసంతంలో మంచు పలకలు విరిగి కొట్టుకుపోయే రోజుల్లో ఆ రెండు దారులూ మూసుకుపోయేవి. లారీలు ఒడ్డున నిలబడి నది తెరిపి ఇచ్చేదాకా ఎదురుచూసేవి.