అలసిన గుండెకు అందు తప్పుడు కబురు

2022 జూలై నెలాఖరున జంట జలాశయముల గేట్లెత్తగా, మూసీ పొంగి మూసారాంబాగు వంతెనమీదుగా పారినది. అంబరుపేటకు రాకపోకలు నిలిచిపోయినవి. నీటిని ఎప్పుడు పట్టి యుంచవలెను, ఎప్పుడు వదలవలెను అను ప్రశ్న జలాశయములకే కాదు, మన శరీరమునకును కలదు. హృదయ వైఫల్యమను వ్యాధిలో ఈ లెక్కయే తారుమారగును.

హృదయ వైఫల్యమనగా గుండె ఆగిపోవుట యని పలువురు భయపడుదురు. అట్లు కాదు. గుండె కొట్టుకొనుచునే యుండును. కాని శరీరమునకు వలసినంత రక్తమును తోడజాలదు. సాయంకాలమునకు పాదములు వాచుట, మెట్లెక్కినచో ఆయాసము, రాత్రి వెల్లకిల పరుండలేక లేచి కూర్చుండుట దాని గుర్తులు.

రక్తనాళములు ఒట్టి గొట్టములు కావు. అవి కబుళ్లు అందుకొనును, పంపును. ఆ కబుళ్లలో కొన్ని పెప్టైడులు. అనగా మాంసకృత్తులలోని ఎమినో ఆమ్లములే పూసలవలె గ్రుచ్చబడిన చిన్న దండలు. యాంజియోటెన్సిన్-2 అనుదానిలో 8 పూసలు. 1988లో జపానునందు సుకుబాలో యనగిసవా, మసాకి మొదలగువారు ప్రకటించిన ఎండోథీలిన్‌లో 21. రెండును నాళములను బిగించునవే. గాయమై రక్తము పోవునపుడు ఈ బిగింపు ప్రాణము నిలుపును.

చిక్కంతయు ఇచ్చటనే. గుండె నీరసించినపుడు మూత్రపిండములకు చేరు రక్తము తగ్గును. కారణమేమో వానికి తెలియదు; కరవు వచ్చినదని తలచి, రెనిన్ అను పదార్థమును విడుచును. దానివలన యాంజియోటెన్సిన్ పెరుగును, నాళములు బిగియును, ఉప్పును నీరును ఒంట నిలువ యగును. మోట లాగు ఎద్దు అలసియుండగా, దాని విశ్రాంతి చూడక, ఇంకను పెద్ద బొక్కెన కట్టినట్లే.

గుండెయు ఊరకుండదు. ఉప్పును మూత్రముతో పంపివేయు పెప్టైడులను తానే విడుచును. 1981లో కెనడాలో డి బోల్డ్ బృందము ఎలుకగుండె కర్ణికల సారమును వేరు ఎలుకలకు ఎక్కించగా, అవి ఉప్పును మూత్రమును విస్తారముగా విసర్జించినవి. ఈ తెగలోని బి.ఎన్.పి.ని రక్తములో కొలిచి, ఆయాసము గుండెవలననా, ఊపిరితిత్తులవలననా యని వైద్యులు నేడు విచారింతురు. కాని నెప్రిలైసిన్ అను ఎంజైము ఈ మేలుకబుళ్లను త్రుంచివేయుచుండును.

చికిత్సకు దారి చూపినది ఒక పాము! బ్రెజిలులోని జరరాకా సర్పవిషమునందలి పెప్టైడుల ఆధారమున పుట్టిన కాప్టోప్రిల్, యాంజియోటెన్సిన్ తయారీని ఆపును. అదే తెగకు చెందిన ఎనలాప్రిల్‌ను 253 మంది తీవ్రరోగులపై పరీక్షించి 1987లో ఫలితములు ప్రకటించిరి. ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో ఆరునెలలకు నూటికి 44 మంది, ఈ మందు తీసికొన్నవారిలో 26 మంది మరణించిరి. ఎండోథీలిన్‌ను అడ్డుకొనినచో ఇంకను మేలగునని తలచిరి గాని, బోసెంటాన్ అను మందుతో ఆ యాశ తీరలేదు. పైగా ఒంట నీరు చేరెను.

2014లో వెలువడిన పెద్ద పరీక్షలో సాకుబిట్రిల్-వల్సార్టాన్ జంట ఎనలాప్రిల్‌కంటె మెరుగని తేలినది. మొదటిది నెప్రిలైసిన్‌ను ఆపును; రెండవది యాంజియోటెన్సిన్ మాటను నాళములు విననీయదు. మన హైదరాబాదులోని ఎం.ఎస్.ఎన్. సంస్థ, ఆవిష్కర్త యగు నోవార్టిస్‌తో వ్యాజ్యమాడి, దీని జెనెరిక్ రూపమును 2025 జూలైలో అమెరికాలో విడుదల చేసినది.

వాపు తగ్గగానే మాత్రలు మానువారిని మేమెరుగుదుము. మానినచో పాత కబుళ్లు మరల మొదలగును. ఎనలాప్రిల్ వంటి మందులతో పొడిదగ్గు వచ్చినచో వైద్యునికి చెప్పవలెను. ఆయన మందు మార్చును. మరియొక మాట: క్రొత్త జంటమందు వ్రాసియిచ్చిన తరువాత ఇంట మిగిలిన ఎనలాప్రిల్ మాత్రలను దానితో కలిపి మ్రింగరాదు. రెంటి నడుమ 36 గంటల ఎడముండవలెను. లేనిచో ముఖము, గొంతు వాచి ఊపిరికే ముప్పు రావచ్చును.

ఆవకాయ, అప్పడముల సంగతి శ్రోతలే గ్రహింతురు. రోగి ప్రతి ఉదయము కాలకృత్యములైన పిదప బరువు చూచుకొని వ్రాసికొనవలెను. రెండు మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నీరు. ఆనాడే వైద్యునికి తెలుపవలెను.